భల్లయ్య కట్టిన మూడో బండ

పిల్లలూ, అనగనగా కొండల మధ్య ఒక అడవిలో భల్లయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. బరువులు కట్టడం అతని పని.

ఆ అడవిలో జంతువులన్నిటికీ కలిపి ఒక బండి ఉండేది. దానికి నాలుగు చక్రాలు, రెండు ఇరుసులు, పైన వెడల్పాటి చదును బల్ల. పక్కన గోడలు లేవు. ముందూ వెనకా తలుపులు లేవు. దుంగ అయినా, రాయి అయినా ఆ బల్ల మీద పెట్టి తాళ్ళతో బిగించాల్సిందే. ఆ తాళ్ళు తప్ప బరువును పట్టి ఉంచేది మరేదీ లేదు.

అందుకే భల్లయ్య అంటే అందరికీ గౌరవం. అతను అడ్డతీగల నార ఒలిచి, వాగులో నానబెట్టి, మూడు పాయలుగా పేని మోకులు తయారుచేసేవాడు. బరువును బల్ల మీద సరిగ్గా రెండు ఇరుసుల మధ్యకు జరిపించేవాడు. తాడు రాతి అంచు మీద ఒరుసుకోకుండా కింద మెత్తని బెరడు పెట్టేవాడు. కట్టడం అయిపోయాక పంజాతో తాడు మీద ఒక దెబ్బ కొట్టి, తల వంచి వినేవాడు. బిగిసిన తాడు ఖంగుమని మోగుతుంది. వదులు తాడు మోగదు.

బండి లాగేవి రెండు అడవి దున్నలు. పెద్దదాని పేరు అచ్చప్ప. నలుపు ఒళ్ళు, మోకాళ్ళ నుంచి గిట్టల దాకా తెలుపు. పదేళ్ళుగా ఆయనా భల్లయ్యా కలిసి పనిచేస్తున్నారు. రెండోవాడు రంకెయ్య. మంచి బలమున్నవాడు, కానీ ఓపిక తక్కువ. బండి ఆగితే చాలు, గిట్టతో నేల గీరేవాడు.

అచ్చప్పకు ఒక అలవాటు ఉండేది. కాడి మెడ మీదకు వచ్చాక వెనక్కి తిరిగి చూసేవాడు కాదు.

"వెనక ఏముందో చూసుకోవా అన్నా?" అని రంకెయ్య ఒకసారి అడిగాడు.

"చూసేవాడు భల్లయ్య ఉన్నాడుగా. నేను దారి చూస్తాను," అన్నాడు అచ్చప్ప.

ఆ మాట విన్న రోజు భల్లయ్యకు ఆకలే మరిచిపోయేంత సంతోషం కలిగింది.

ఆ అడవి కింది భాగంలో ఒక వాగు ఉంది. ఎండాకాలంలో మోకాలి లోతు. వానాకాలంలో మాత్రం ఏనుగును కూడా నిలవనివ్వదు. వాగుకు ఇటువైపు పల్లపు నేల. వానలు పడితే బురద, జలగలు, జబ్బులు. అటువైపు మెరక, మంచి గడ్డి. ప్రతి ఏడూ వానలకు ముందే దుప్పులు అటు దాటేవి. కిందటి ఏడు వానలు ముందుగా వచ్చాయి. దాటబోయిన మూడు దుప్పి పిల్లలు కొట్టుకుపోయాయి. వాటిలో ఒకటి చుక్కమ్మ బిడ్డ. చుక్కమ్మ వారం రోజులు వాగు గట్టునే నిలబడింది.

అప్పుడు అడవికి పెద్ద దిక్కైన ఏనుగు, కరేణమ్మ, అందరినీ పిలిచింది.

"వంతెన వేద్దాం. వాగులో నాలుగు చోట్ల గుండ్లు పేర్చి దిమ్మలు కడదాం. వాటి మీద మూడు రాతి బండలు పరుద్దాం. తెల్లగుట్ట మీద పొడవాటి బండలు ఉన్నాయి. మోయడం మన వల్ల కాదు. బండి మీద తేవాలి. భల్లయ్యా, నీ వల్ల అవుతుందా?"

భల్లయ్య తెల్లగుట్టకు వెళ్ళి బండలు చూశాడు. ఒక్కొక్కటి మూడు దున్నల పొడవు, మోకాలెత్తు మందం. దారి పొడవునా నడిచి చూశాడు. గుట్ట నుంచి ఇప్పచెట్లు దాటి ఇంకొంత దూరం దాకా దారి చదును. ఆ తర్వాత వాలు. నిటారుగా దిగే వాలు, మధ్యలో ఒక మలుపు, చివర వాగు.

"అవుతుందమ్మా. కానీ దారిలో మూడు చోట్ల ఆగాలి. గుట్ట దిగగానే ఒకసారి. ఇప్పచెట్ల దగ్గర ఒకసారి. వాలు మొదట్లో ఒకసారి. బండి కదిలాక బరువు సర్దుకుంటుంది. బరువు సర్దుకుంటే తాడు వదులవుతుంది. ఆగినప్పుడల్లా మళ్ళీ బిగించాలి," అన్నాడు.

"నీ ఇష్టం," అంది కరేణమ్మ.

దిమ్మలు కట్టడానికే ఎండాకాలం సగం గడిచిపోయింది. తర్వాత మొదటి బండ. కరేణమ్మ తొండంతో ఒక కొస ఎత్తింది. అడవిపందులు కింద దుంగలు దొర్లించాయి. బండ మెల్లగా బల్ల మీదకు ఎక్కింది. బండ ముందుకు జారకుండా భల్లయ్య ఒక అడ్డదుంగ పెట్టాడు. ముందొకటి, మధ్యలో ఒకటి, వెనక ఒకటి, మూడు మోకులు వేశాడు. కర్ర పెట్టి మెలితిప్పి బిగించాడు. కరేణమ్మ బండి వెనక కట్టిన ఇంకో మోకు పట్టుకుని నడిచింది, వాలులో బండి దూసుకుపోకుండా.

మూడు చోట్లా ఆగారు. మూడు చోట్లా భల్లయ్య బిగించాడు. మధ్యాహ్నానికి బండ వాగు చేరింది. దిమ్మల మీద పడుకుంది.

రెండో బండకూ అంతే. మూడుసార్లు ఆగారు, మూడుసార్లు బిగించారు. వాలు మొదట్లో మాత్రం రంకెయ్య విసుక్కున్నాడు.

"మామా, మొదటి బండకూ ఇలాగే ఆపావు. ఏమైంది? ఏమీ కాలేదు. ఇప్పుడూ ఏమీ కాదు. ఎండలో మెడ మీద కాడితో నిలబడేది మేము."

దారి పక్కన చూస్తున్న కుందేళ్ళు నవ్వాయి. "భల్లయ్య మామ తాళ్ళతో మాట్లాడుకుంటున్నాడు," అంది ఒక కుందేలు. మిగతావి ఇంకా నవ్వాయి.

భల్లయ్య ఆగి బిగించినందుకే ఏమీ కాలేదని చెప్పొచ్చు. కానీ జరగనిదాన్ని ఎలా చూపించగలడు? తల దించుకుని గబగబా పని ముగించాడు. ఆ నవ్వు మాత్రం అతని చెవుల్లో ఉండిపోయింది.

రెండో బండ కూడా క్షేమంగా చేరింది. ఇక ఒక్కటే మిగిలింది.

మూడో బండ తెచ్చే రోజున పొద్దున్నే పడమటి వైపు మబ్బులు లేచాయి. గాలి చల్లబడింది. చీమలు గుడ్లు నోట కరుచుకుని చెట్లెక్కుతున్నాయి. ఇంకో పూటలో వాన తప్పదని అందరికీ తెలిసిపోయింది. దుప్పులన్నీ పిల్లలతో వాగు ఒడ్డున చేరాయి. మూడో బండ పడితే దాటాలని వాటి ఆశ.

భల్లయ్య పొద్దున్నే బండను బాగానే కట్టాడు. గుట్ట దిగాక ఆగాడు, బిగించాడు. ఇప్పచెట్ల దగ్గర ఆగాడు, బిగించాడు. రంకెయ్య గిట్టతో నేల గీరుతూనే ఉన్నాడు. ఇప్పచెట్లు దాటాక దారిలో ఒక పెద్ద వేరు అడ్డం వచ్చింది. చక్రం దాని మీదకు ఎక్కి దబ్బున దిగింది. బండి ఒకసారి ఊగి సర్దుకుంది.

వాలు మొదట్లో బండి ఆగింది. భల్లయ్య ఎడమవైపు నుంచి వచ్చాడు. ముందు మోకు దగ్గర అంచున పెట్టిన బెరడు లేదు. కుదుపుకు ఎక్కడో జారిపోయినట్టుంది. అతను తాడు కింద పంజా పెట్టాడు. పంజా మొత్తం దూరింది. తాడు మీద కొట్టి విన్నాడు. మోగలేదు.

మోకు విప్పి, కొత్త బెరడు పెట్టి, మళ్ళీ కట్టాలి. కర్ర మెలితిప్పాలి. ఎంత తొందరపడినా దుప్పులు ఒక మేత మేసి వచ్చేంత సేపు పడుతుంది.

అప్పుడే చుక్కమ్మ వాలు ఎక్కి పరుగున వచ్చింది. ఆ ఏడు పుట్టిన ఇద్దరు పిల్లలను కింద వదిలి వచ్చింది.

"భల్లయ్యన్నా, పైన కొండల్లో అప్పుడే వాన పడుతోందట. వాగు నీళ్ళు రంగు మారుతున్నాయి. ఇంకా ఎంతసేపు అన్నా?" అని అడిగింది.

"ఆయన తాళ్ళు చూడ్డం అయితే కదా, కదిలేది," అన్నాడు రంకెయ్య.

దారి పక్కన కుందేళ్ళు మళ్ళీ నిలబడి ఉన్నాయి. ఈసారి నవ్వలేదు. నవ్వబోతాయని భల్లయ్యకు అనిపించింది.

వెనక నుంచి కరేణమ్మ అడిగింది. "భల్లయ్యా, అంతా సరిగ్గా ఉందా?"

భల్లయ్య పంజా ఇంకా తాడు కిందే ఉంది. మధ్య మోకు, వెనక మోకు గట్టిగానే ఉన్నాయి కదా అనుకున్నాడు. అడ్డదుంగ ఉంది కదా అనుకున్నాడు. రెండుసార్లు ఏమీ కాలేదు కదా అనుకున్నాడు. పంజా మెల్లగా బయటికి తీశాడు.

"సరిగ్గానే ఉందమ్మా. పదండి," అన్నాడు.

అచ్చప్ప వెనక్కి చూడలేదు. అడుగు ముందుకు వేశాడు.

మొదటి సగం బాగానే సాగింది. మలుపు దగ్గర వాలు ఇంకా నిటారుగా దిగుతుంది. అక్కడ కరేణమ్మ కాళ్ళు తన్నిపెట్టి, తను పట్టుకున్న మోకును గట్టిగా లాగి, బండిని ఆపి తిప్పించాలి. ఆమె లాగింది. బండి ఆగింది.

బండ ఆగలేదు.

ముందు వదులు తాడు పక్కకు జరిగింది. బండ ముందు కొస ఎడమవైపుకు తిరిగింది. ఆ ఊపుకు మధ్య మోకూ వెనక మోకూ జారాయి. అడ్డదుంగ పెళ్ళుమని విరిగింది. రాయి బల్ల మీద గరగరమని దిగుతున్న చప్పుడు భల్లయ్యకు వినబడింది.

"అన్నా, పక్కకు," అని అరిచాడు.

అచ్చప్ప మెడ కాడి కింద ఉంది. పక్కకు ఎలా వస్తాడు? బండ కొస జారి ఆయన ఎడమ వెనక కాలి మీద పడింది. అక్కడి నుంచి దొర్లి దారి అంచున ఉన్న గుండుకు కొట్టుకుంది. రెండు ముక్కలైంది.

రంకెయ్య కాడి నుంచి తల విడిపించుకుని అచ్చప్ప ముందు నిలబడ్డాడు. అచ్చప్ప రంకె వేయలేదు. నేల మీద గడ్డం ఆనించి గట్టిగా ఊపిరి తీస్తున్నాడు. తెల్లటి కాలు ఎర్రబడింది.

కరేణమ్మ వచ్చి కాలు చూసింది. తొండంతో మెల్లగా తడిమింది.

"ఎముక విరిగింది. బతుకుతాడు. మళ్ళీ బండి మాత్రం లాగలేడు," అంది.

తర్వాత ఆమె బండ ముక్కలను చూసింది. చుట్టూ ఉన్నవాళ్ళను చూసింది.

"ఇది ఎలా జరిగింది?"

"మలుపులో గుంత ఉంది. చక్రం అందులో పడి ఉంటుంది," అంది ఒక అడవిపంది.

"తాళ్ళు పాతవైపోయాయేమో. నార చీకిపోతే ఎవరేం చేస్తారు?" అన్నాడు రంకెయ్య. అతనికి భల్లయ్యను తప్పుపట్టాలని లేదు. తను తొందరపెట్టిన మాట అతనికీ గుర్తుంది.

"వాలే అలాంటిది. ఎవరి ఖర్మ వాళ్ళది," అన్నాయి కుందేళ్ళు.

భల్లయ్య అందరి మాటలూ విన్నాడు. ఎవరూ అతని వైపు వేలెత్తి చూపలేదు. గుంత అంటే గుంత అయ్యేది. తాడు అంటే తాడు అయ్యేది. అతను నోరు మెదపకపోతే ఆ మాట అక్కడితో అయిపోయేది. అతను అచ్చప్ప వైపు చూశాడు. ఆ నొప్పిలో కూడా అచ్చప్ప వెనక్కి తిరగలేదు. దారి వైపే చూస్తున్నాడు.

భల్లయ్య ముందుకు వచ్చాడు.

"గుంత లేదు. తాడు తెగలేదు, చూడండి, అలాగే ఉంది. వాలు మొదట్లో ముందు మోకు వదులైంది. కింద బెరడు జారిపోయింది. నేను చూశాను. పంజా పెట్టి చూశాను. కరేణమ్మ అడిగితే సరిగ్గా ఉందన్నాను."

"చూసి కూడానా?" అంది కరేణమ్మ.

"చూసి కూడా."

"ఎందుకు?"

"అందరూ నా కోసం ఆగి ఉన్నారు. ఇంకా ఆగమనడానికి మొహం చెల్లలేదు," అన్నాడు భల్లయ్య.

"తొందరపెట్టింది నేను," అన్నాడు రంకెయ్య మెల్లగా.

"నేనూ అడిగాను," అంది చుక్కమ్మ.

"మీరు అడిగారు. అది మీ అవసరం. తాడు చూసింది మాత్రం నేనొక్కణ్ణే," అన్నాడు భల్లయ్య.

కరేణమ్మ అతన్ని తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కొంచెం తేలికగా ఉండేదేమో. "అచ్చప్ప కాలికి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాలి. అది నీకే వచ్చు. కట్టు," అంది. అంతే.

భల్లయ్య కట్టు కట్టాడు. మూడుసార్లు విప్పి మూడుసార్లు కట్టాడు.

సాయంత్రానికి వాన దిగింది. పొద్దుపోయేసరికి వాగు దిమ్మలను ముంచేసింది. రెండు బండలు పడిన వంతెన మధ్యలోనే ఆగిపోయింది. చివరి ఖాళీ దుప్పి దూకలేనంత వెడల్పు. దుప్పులన్నీ ఇటువైపే ఉండిపోయాయి. వానాకాలం నాలుగు నెలలూ అవి తెల్లగుట్ట మీద తలదాచుకున్నాయి. రాళ్ళ మధ్య మొలిచిన కాస్త గడ్డే తిన్నాయి. చుక్కమ్మ తను తినడం మానేసి పిల్లలకు వదిలేది. మందలో ఒక ముసలి దుప్పి ఆ వానల్లోనే పోయింది.

భల్లయ్య రోజూ తడుస్తూ వెళ్ళి గుట్టకు కొంత గడ్డి మోసేవాడు. తర్వాత అచ్చప్ప ఉన్న గుహకు వెళ్ళేవాడు. మేత పెట్టేవాడు. నీళ్ళు తెచ్చేవాడు. కట్టు వదులైందేమో చూసి బిగించేవాడు. అచ్చప్ప మేత తినేవాడు. నీళ్ళు తాగేవాడు. ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఒక నెల గడిచింది. రెండో నెలా గడిచింది. భల్లయ్య రావడం మానలేదు. మాట్లాడమని అడగలేదు.

మూడో నెలలో ఒక రోజు వాన కాస్త తెరిపిచ్చింది. అచ్చప్ప గుహ బయట ఎండలో పడుకుని ఉన్నాడు. భల్లయ్య కట్టు విప్పుతుంటే ఆయన నోరు తెరిచాడు.

"నేను చాలా ఆలోచించాను, భల్లయ్యా."

భల్లయ్య పంజాలు ఆగిపోయాయి.

"ఆ రోజు నువ్వు ఆగమని ఉంటే నేను కూడా విసుక్కునేవాణ్ణి. మెడ నొప్పిగా ఉండింది. లోలోపల నిన్ను తిట్టుకునేవాణ్ణి," అన్నాడు అచ్చప్ప. "తిట్టుకుని, ఆగేవాణ్ణి."

భల్లయ్య తల వంచుకున్నాడు. అతని కళ్ళ నీళ్ళు వెదురు బద్దల మీద పడ్డాయి.

"నన్ను క్షమించు అన్నా," అన్నాడు.

"క్షమించడం సంగతి తర్వాత. కాలు అతుక్కుంటే చూద్దాం. ముందు ఆ కట్టు కట్టు," అన్నాడు అచ్చప్ప.

కాలు అతుక్కుంది, కానీ వంకరగా అతుక్కుంది. చదును నేల మీద కుంటుతూ నడవగలడు. ఎత్తు ఎక్కలేడు, వాలు దిగలేడు.

వానలు పోయాయి. చలి పోయింది. ఎండాకాలం రాగానే కరేణమ్మ మళ్ళీ అందరినీ పిలిచింది. తెల్లగుట్ట మీద ఇంకో బండ దొరికింది. అచ్చప్ప చోటులోకి ఇంకో దున్న వచ్చాడు.

"బరువు ఎవరు కడతారు?" అని అడిగింది కరేణమ్మ.

"నేను కాదమ్మా. కొండముచ్చులకు ముడులు నేర్పాను. వాళ్ళు కడతారు," అన్నాడు భల్లయ్య.

గుంపు వెనక నుంచి అచ్చప్ప గొంతు వినిపించింది. "వాళ్ళకు ముడులు వచ్చు. భల్లయ్యే కట్టాలి. ఒక తాడు వదిలేస్తే ఏమవుతుందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు."

ఎవరూ ఎదురు చెప్పలేదు. భల్లయ్య ఒక మాట అడిగాడు.

"కడతాను. నేను కట్టాక, ఆగిన ప్రతి చోటా రంకెయ్య కూడా వచ్చి చూడాలి. ప్రతి తాడు కిందా కొమ్ము పెట్టి చూడాలి. నా ఒక్కడి మాట మీద బండి కదలకూడదు."

"చూస్తాను మామా," అన్నాడు రంకెయ్య. ఆ రోజు నుంచీ అతను నేల గీరడం మానేశాడు.

మూడు చోట్ల ఆగుదామనుకున్నారు. అయిదు చోట్ల ఆగారు. పొద్దున్న బయలుదేరిన బండి వాగు చేరేసరికి ఎండ వాలిపోయింది. దారి పక్కన కుందేళ్ళు అంతసేపూ మాట్లాడకుండా కూర్చున్నాయి. బండ దిమ్మల మీద పడుకుంది. కరేణమ్మ ముందుగా దాని మీద నడిచి చూసింది. కదల్లేదు.

ఆ ఏడు వానలకు ముందే దుప్పులన్నీ వంతెన దాటాయి. పందులు దాటాయి. కుందేళ్ళూ దాటాయి.

అచ్చప్ప దాటలేదు. వాలు దిగడానికి ఆయన కాలు ఒప్పుకోలేదు. అందరూ వెళ్ళాక భల్లయ్య ఒక్కడే వాలు ఎక్కి పైకి వచ్చాడు. అచ్చప్ప ఇప్పచెట్ల కింద పడుకుని ఉన్నాడు. భల్లయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

"అందరూ దాటారా?" అడిగాడు అచ్చప్ప.

"దాటారు."

"చుక్కమ్మ పిల్లలు?"

"ఇద్దరూ దాటారు. చిన్నది మధ్యలో ఆగి నీళ్ళలోకి తొంగిచూసింది. వాళ్ళమ్మ కోప్పడితే పరుగెత్తింది."

అచ్చప్ప కళ్ళు మూసుకుని విన్నాడు.

"మెల్లగా చెప్పు," అన్నాడు. "మొదటి నుంచీ చెప్పు. ముందు ఎవరు దాటారు?"

భల్లయ్య మొదటి నుంచీ చెప్పసాగాడు.

నీతి: లోపం కళ్ళారా చూసినవాడు పదిమంది విసుక్కున్నా 'ఆగండి' అనే చెప్పాలి. అతను మొహమాటంతో మింగేసిన ఆ ఒక్క మాట బరువు, అతన్ని నమ్మి ముందు నడిచేవాళ్ళ మీద పడుతుంది.